సీఆర్పీ పెరిగిన ఆ 28 మంది

పాత కృష్ణా జిల్లా జనాభా 2011 లెక్కల్లో 45 లక్షల 17 వేలు. 2022 ఏప్రిల్‌లో అది ఎన్టీఆర్, కృష్ణా జిల్లాలుగా చీలింది. నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. మన లెక్కకు మాత్రం పాత జిల్లానే సులువు. అందులో పెద్దవాళ్లు 32 లక్షలనుకుందాం. నిమ్హాన్స్ 2015-16లో ఇల్లిల్లూ తిరిగి చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం స్కిజోఫ్రీనియాతోనో, ఆ కోవకు చెందిన మరో సైకోసిస్‌తోనో బాధపడుతున్నవాళ్లు పెద్దవాళ్లలో వెయ్యికి నలుగురు. ఈ లెక్కన పాత కృష్ణా జిల్లాలో దాదాపు 12,800 మంది ఉండాలి. వైద్యం అందనివాళ్లు నూటికి 75 మంది అని కూడా ఆ సర్వే చెప్పింది. అంటే జగ్గయ్యపేట నుంచి అవనిగడ్డ దాకా 9,600 మంది మందు లేకుండానే ఉన్నారన్నమాట. ఇది కాగితం మీద వేసిన చేతిలెక్కే. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. జాతీయ సగటును అరువు తెచ్చుకోక తప్పదు.

మిగిలిన 3,200 మందికి దొరికే మందులన్నీ దాదాపు ఒకే తానులో ముక్కలు. 1952లో క్లోర్‌ప్రోమజైన్ వచ్చినప్పటి నుంచి మెదడులో డోపమైన్ పని తగ్గించడమే ఈ మందుల ప్రధాన పద్ధతి. వీటితో వినిపించే గొంతులు తగ్గుతాయి, అనుమానాలు సద్దుమణుగుతాయి. అయితే మూడో వంతు మందికి ఇవి సరిగా పనిచేయవు. మాట తగ్గిపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, స్నానం చేయాలన్న ధ్యాస కూడా లేకపోవడం లాంటి లక్షణాల మీద ఇంకా తక్కువ పనిచేస్తాయి. కథంతా డోపమైన్‌దే కాదేమో, రోగనిరోధక వ్యవస్థకూ ఇందులో చెయ్యి ఉందేమో అన్న అనుమానం అక్కడ బలపడింది.

ఆ అనుమానం మన ఊళ్లకు కొత్త కాదు. డెల్టా పల్లెల్లో ఏ పిల్లాడికి ఈ జబ్బు మొదలైనా పెద్దవాళ్లు వెనక్కి వెళ్లి ఒక జ్వరాన్ని పట్టుకుంటారు. ‘ఏడో క్లాసులో టైఫాయిడ్ వచ్చిందండీ, అదే తలకెక్కింది’ అంటారు. దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి లేదని ఇప్పుడు లెక్కలు చెబుతున్నాయి. పూర్తిగా నమ్మడానికి లేదనీ అవే చెబుతున్నాయి.

డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి మనిషి ఆస్పత్రి రికార్డూ ప్రభుత్వం దగ్గర ఉంటుంది. మైకేల్ బెన్రోస్ బృందం 2011లో 39,076 మంది స్కిజోఫ్రీనియా రోగుల రికార్డులు తిరగేసింది. అంతకుముందు ఏదైనా ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లకు ఈ జబ్బు వచ్చే అవకాశం 60 శాతం ఎక్కువని తేలింది. సొంత శరీరం మీదే రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ఆటో ఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లలో 29 శాతం ఎక్కువ. రెండూ ఉన్నవాళ్లలో రెండుంపావు రెట్లు.

60 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది. ఆ అంకెను విప్పి చూడాలి. జీవితకాలంలో ఈ జబ్బు వచ్చే అవకాశం స్థూలంగా వెయ్యికి పది అనుకుంటే, అది 60 శాతం పెరిగితే వెయ్యికి పదహారు. అంటే గట్టి ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో పడుకున్న వెయ్యిమందిలో 984 మందికి ఇది రాదు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు ఉన్నవాళ్లకైతే అవకాశం వెయ్యికి వంద దాకా ఉంటుంది. ఏడో క్లాసు టైఫాయిడ్ మీద తప్పంతా మోపే తల్లికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించాలి. చాలా ఇళ్లలో జ్వరం నింద తల్లి మీదకే తిరుగుతుంది, సకాలంలో చూపించలేదని. ఆ నిందకు ఈ లెక్కల్లో ఆధారం లేదు.

రోగనిరోధక వ్యవస్థ వైపు వేలు చూపించిన రెండో సాక్ష్యం జన్యువుల్లోంచి వచ్చింది. మన ఆరో క్రోమోజోమ్ మీద ఎంహెచ్‌సీ అనే ప్రాంతం ఉంది. శరీరం తనదేదో పరాయిదేదో గుర్తుపట్టే జన్యువులు అక్కడే గుంపుగా ఉంటాయి. స్కిజోఫ్రీనియాకు సంబంధించిన జన్యు సంకేతాలన్నింటిలోకీ గట్టి సంకేతం వచ్చింది ఇక్కడి నుంచే. 2016లో స్టీవెన్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు 28,799 మంది రోగులను, 35,986 మంది ఇతరులను పరిశీలించి, ఆ సంకేతంలో పెద్ద భాగం సీ4 అనే జన్యువుదని చూపించాయి. సీ4 ప్రొటీన్ మామూలుగా చేసే పని, నాశనం చేయాల్సిన సూక్ష్మజీవి మీద గుర్తు వేయడం. మెదడులో అదే ప్రొటీన్ నాడీకణాల మధ్య ఉండే అతుకుల మీద, అంటే సినాప్స్‌ల మీద గుర్తు వేస్తుంది. గుర్తు పడ్డవాటిని మైక్రోగ్లియా అనే కణాలు తినేస్తాయి. నూజివీడు మామిడితోటలో అడ్డంగా పెరిగిన కొమ్మలు కొట్టి చెట్టుకు ఎండ తగలనిచ్చినట్టే, కౌమారంలో మెదడు ఇలా అక్కరలేని అతుకులను వదిలించుకుంటుంది. సీ4ఏ రకం ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ కత్తిరింపు శ్రుతి మించుతుందని ప్రతిపాదన.

వయసు కూడా దీనికి సరిపోతుంది. స్కిజోఫ్రీనియా ఎక్కువగా బయటపడేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ప్రాయంలో. విజయవాడలో ఆ వయసంటే ఇంటర్ హాస్టళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలు. రాష్ట్రం నలుమూలల పిల్లలూ ఇక్కడ గదికి ఆరుగురు చొప్పున ఉంటారు. మార్కులు పడిపోవడాన్ని, గదిలోంచి బయటకు రాకపోవడాన్ని చదువు ఒత్తిడి ఖాతాలో వేసేయడం ఇక్కడ తేలిక. చాలాసార్లు అది నిజమే. ఒక్కోసారి కాదు.

సీ4 అంకెను కూడా విప్పి చూడాలి. ఎక్కువ ప్రమాదమున్న సీ4 రకం ఉంటే అవకాశం 1.27 రెట్లు. వెయ్యికి పది కాస్తా పదమూడు లోపు అవుతుంది. పైగా 2022లో 76,755 మంది రోగులతో చేసిన అంతకంటే పెద్ద జన్యు అధ్యయనం 287 చోట్ల తేడాలు కనిపెట్టింది. ఆ జన్యువులు ఎక్కువగా పనిచేసేది నాడీకణాల్లోనే. రోగనిరోధక కణాల్లో అలాంటి గుంపేమీ తగల్లేదు. కాబట్టి ఇది రోగనిరోధక వ్యవస్థ జబ్బు అని బోర్డు పెట్టేయడానికి లేదు. ఆ వ్యవస్థ ఈ కథలో ఒక పాత్ర. ఎంత పెద్ద పాత్రో మనిషి మనిషికీ మారుతుందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలోకి వెళ్లినా ల్యాబు బోర్డు మీద సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్పీ అని రాసి ఉంటుంది. సీఆర్పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీన్. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా, అంటే రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయి ఉన్నా, రక్తంలో అది పెరుగుతుంది. వర్షాకాలం జ్వరాల్లో ఈ టెస్టు రాయని డాక్టర్ అరుదు. బ్రయన్ మిల్లర్ బృందం 2014లో ఎనిమిది అధ్యయనాల్లోని 1,963 మంది స్కిజోఫ్రీనియా రోగుల సీఆర్పీ లెక్కలు కలిపి చూసింది. లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లు 28 శాతం.

నూటికి 28 అంటే తక్కువేమీ కాదు. అలాగని మిగతా 72 మందిని మరిచిపోకూడదు. ఆ 28 మందిలో కూడా కొందరికి సీఆర్పీ పెరగడానికి వేరే దారులున్నాయి. ఈ రోగుల్లో చాలామంది పొగతాగుతారు. మందుల వల్ల బరువు పెరుగుతారు, షుగర్ వస్తుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వే సీఆర్పీని పెంచగలదు. ఈ మంటలో, అంటే ఇన్‌ఫ్లమేషన్‌లో, జబ్బుది ఎంత, సిగరెట్టుది ఎంత, కొవ్వుది ఎంత అన్నది ఒక్క రక్తపరీక్షలో విడదీయలేం.

ఆ చిక్కును దాటడానికి బ్రిటన్‌లో బ్రిస్టల్ పిల్లల అధ్యయనం ఉపయోగపడింది. జబ్బు రాకముందే, తొమ్మిదేళ్ల వయసులో సుమారు నాలుగున్నర వేలమంది పిల్లల రక్తంలో ఐఎల్-6 అనే మరో ఇన్‌ఫ్లమేషన్ సంకేతాన్ని కొలిచి, పద్దెనిమిదేళ్లకు మళ్లీ వాళ్లను పరీక్షించారు. తొమ్మిదేళ్లప్పుడు ఐఎల్-6 ఎక్కువగా ఉన్న మూడో వంతు పిల్లల్లో సైకోసిస్ లక్షణాలు, తక్కువగా ఉన్న మూడో వంతుతో పోలిస్తే, దాదాపు రెట్టింపు కనిపించాయి. గోలం ఖండేకర్ బృందం 2014లో ప్రచురించిన ఈ ఫలితంలో నాకు నచ్చేది క్రమం. తొమ్మిదేళ్ల పిల్లలు పొగతాగరు, సైకోసిస్ మందులు వేసుకోరు. రక్తంలో తేడా ముందు వచ్చింది, లక్షణం తర్వాత వచ్చింది.

అయితే మంట తగ్గించే మందు ఇస్తే జబ్బు తగ్గాలి కదా? ఇక్కడి నుంచి కథ నిరాశగా నడుస్తుంది, కానీ ఆ నిరాశలోనే నేర్చుకునేది ఎక్కువ.

జర్మనీలో 2002లో 50 మందికి రిస్పెరిడోన్ అనే సైకోసిస్ మందు, వాళ్లలో సగం మందికి దానితో పాటు నొప్పులకు వాడే సెలెకాక్సిబ్ కూడా ఇచ్చి ఐదు వారాలు చూశారు. అది తోడైనవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసినప్పుడు ఆ మేలు కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో 2010లో 70 మందిలో దాదాపు సగం మందికి మూడు నెలల పాటు రోజుకు 1,000 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. జబ్బు తీవ్రతను 30 నుంచి 210 దాకా కొలిచే పాన్స్ స్కేలు మీద ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లకు అదనంగా తగ్గింది 4.86 పాయింట్లు. డాక్టర్ కంటికి తేడా ఆనాలంటే 15 పాయింట్లయినా తగ్గాలి. అయినా అందులో ఒక సూచన ఉంది: రోగనిరోధక వ్యవస్థ ఎక్కువ అదుపు తప్పినవాళ్లలో ఫలితం ఎక్కువ. అందుకే 2021లో వచ్చిన మరో రెండు ట్రయల్స్ మీద ఆశ పెట్టుకున్నారు. మొదటిదానిలో 200 మంది. రెండోదానిలో సీఆర్పీ 1 దాటిన 160 మందినే తీసుకున్నారు. రెండింటిలోనూ ఆస్పిరిన్‌కు, ఉత్తుత్తి మాత్రకు తేడా తేలలేదు. నా మట్టుకు 1 అనేది మరీ కింద గీసిన గీత. కాస్త పొట్ట ఉన్న బెజవాడ గుమాస్తా ఎవరైనా ఆ గీత దాటేస్తాడు.

తర్వాతి రెండు మందుల పూర్వకథ పక్కనున్న గోదావరి డెల్టా దాకా వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో పరిశోధనకు నాయకత్వం వహించినప్పుడు అక్కడి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దది. అదే లెడర్లీలో, ఆయన పోయాక తయారైన ఆ కుటుంబపు మందు మినోసైక్లిన్. మొటిమలకు ఇచ్చే ఈ యాంటీబయోటిక్ మెదడులోకి బాగా చేరుతుంది, మైక్రోగ్లియాను శాంతపరుస్తుంది. చిన్న ట్రయల్స్ ఊరించాయి. పాకిస్తాన్, బ్రెజిల్ దేశాల్లో 144 మందితో చేసిన అధ్యయనం 2012లో బాగుందని చెప్పింది. బ్రిటన్‌లో 207 మందితో ఏడాది పాటు ట్రయల్ చేసి 2018లో తేల్చింది మాత్రం ఉపయోగం లేదని. మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్రగా ఊరూరా తెలుసు. పాకిస్తాన్‌లో జబ్బు కొత్తగా మొదలైన 92 మందిలో దాదాపు సగం మందికి వారానికి 10 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం సగం సగం: గొంతులు, అనుమానాల్లాంటి లక్షణాలు కొంత తగ్గాయి, ముడుచుకుపోవడం తగ్గలేదు. ఇక ఐఎల్-6కు నేరుగా అడ్డుపడే ఖరీదైన టొసిలిజుమాబ్‌ను 36 మంది మీద పరీక్షించిన అమెరికన్ ట్రయల్‌లో ఏమీ తేలలేదు.

ఈ ట్రయల్స్‌లో చాలావాటికి రోగిని ఎంచుకున్నది స్కిజోఫ్రీనియా అన్న పేరును బట్టి. అతని రక్తంలో మంట ఉందా లేదా అన్నది చూడలేదు. నూటికి 28 మందిలోనే ఉన్న మంటకు నూరుమందికీ మందు ఇచ్చి సగటు తీస్తే, ఆ 28 మందికి జరిగిన మేలు మిగతా 72 మందిలో కలిసి కనపడకుండా పోతుంది. మేలేమీ జరగకపోయి ఉండవచ్చు కూడా. ఏది నిజమో తేలాలంటే సీఆర్పీ గానీ ఐఎల్-6 గానీ బాగా పెరిగినవాళ్లనే ఎంచి, జబ్బు మొదటి రెండు మూడేళ్లలోనే ట్రయల్స్ చేయాలి. అంతదాకా మెడికల్ షాపులో ఆస్పిరిన్, సెలెకాక్సిబ్, స్టెరాయిడ్ కొని డాక్టర్ ఇచ్చిన మందుకు జతచేయడం కడుపులో పుండ్లు కొనుక్కోవడమే.

రోగనిరోధక వైద్యం నిజంగా గెలిచిన చోటు ఒకటుంది, కానీ అది స్కిజోఫ్రీనియా కాదు. చూడ్డానికి అలా ఉంటుంది. 2007లో జోసెప్ డల్మౌ బృందం 12 మంది మహిళా రోగుల గురించి రాసింది. హఠాత్తుగా మతి తప్పి మాట్లాడటం, భ్రమలు, తర్వాత మూర్ఛలు. చాలామందికి అండాశయంలో టెరటోమా అనే కణితి. ఆ కణితి మీద దాడికి పుట్టిన యాంటీబాడీలు మెదడులోని ఎన్‌ఎండీఏ రిసెప్టార్లను కూడా పట్టుకుంటున్నాయి. మరుసటి ఏడాది 100 మందిని పరిశీలిస్తే 77 మంది ముందుగా మానసిక లక్షణాలతోనే వైద్యుల దగ్గరకు వచ్చినవాళ్లు. 2013లో 577 మంది రోగుల లెక్క వచ్చింది: దాదాపు సగం మంది 21 ఏళ్లకు మించనివాళ్లు, ఐదుగురిలో నలుగురు స్త్రీలు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి, కణితి ఉంటే ఆపరేషన్. ఇలా వైద్యం చేస్తే రెండేళ్లకు 81 శాతం మంది బాగా కోలుకున్నారు.

ఈ జబ్బు కేవలం మానసిక లక్షణాలతో కనిపించడం ఎంత అరుదో కూడా చెప్పుకోవాలి, లేకపోతే ప్రతి కుటుంబమూ వెన్నునీటి పరీక్ష అడుగుతుంది. అలాంటి 571 మందిలో జబ్బు మొదలైనప్పుడు కేవలం మానసిక లక్షణాలతోనే ఉన్నవాళ్లు అయిదుగురు. మిగిలినవాళ్లలో మూర్ఛ, జ్వరం, నోరు ముఖం వంకర్లు పోవడం, మాట పడిపోవడం, స్పృహ తగ్గడం లాంటివి ఏదో ఒకటి తోడైంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది వేగం. నెలల మీద నెమ్మదిగా ముడుచుకుపోయిన కుర్రాడిది ఒక కథ. పది రోజుల్లో మనిషి మారిపోయి, ఫిట్స్ కూడా వచ్చిన ఇంటర్ అమ్మాయిది వేరే కథ. ఆ అమ్మాయిని మానసిక వైద్యుడితో పాటు న్యూరాలజిస్టు కూడా చూడాలి, అదీ ఆ వారంలోనే.

మళ్లీ ల్యాబు దగ్గరకు వద్దాం. రెండు రకాల మందులు వాడినా తగ్గనివాళ్లకు ఇచ్చే మందు క్లోజపిన్. 1988లో జాన్ కేన్ బృందం మొండి జబ్బున్న 268 మందిపై చేసిన ట్రయల్‌లో క్లోజపిన్‌తో ఆరు వారాల్లో 30 శాతం మంది మెరుగయ్యారు. పోటీగా ఇచ్చిన క్లోర్‌ప్రోమజైన్‌తో 4 శాతం. ఇంత మంచి మందు ఆఖరున ఎందుకు వాడతారంటే కారణం రక్తం. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడినవాళ్లలో తెల్లకణాలు పడిపోయి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ప్రమాదం వందకు ఒకరి లోపు, ఎక్కువగా మొదటి 18 వారాల్లోనే. ఎవరికి వస్తుందో వెతుకుతూ పోతే దారి మళ్లీ ఆరో క్రోమోజోమ్ మీది ఎంహెచ్‌సీ ప్రాంతానికే చేరింది: అక్కడి హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో కొన్ని రకాలున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. జబ్బు సంకేతం, మందు ప్రమాదం ఒకే పేటలో కాపురం ఉన్నాయి.

అందుకే క్లోజపిన్ వాడేవాళ్ల చేతిలో ఎప్పుడూ రక్తకణాలు లెక్కించే సీబీపీ కాగితం ఉంటుంది. ఆ కాగితం చదవడంలో ఒక మెలిక ఉంది. మొత్తం తెల్లకణాలు 4,200, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ 34 శాతం అని రిపోర్టు వచ్చిందనుకోండి. ల్యాబు పక్కన రాసే మామూలు హద్దు 4,000 నుంచి 11,000. కాబట్టి మొత్తం దగ్గర గుర్తేమీ ఉండదు, ఇంట్లోవాళ్లు నార్మల్ అనుకుంటారు. చూడాల్సింది 4,200లో 34 శాతం ఎంత అని: 1,428. క్లోజపిన్ మొదలుపెట్టడానికి ఇది 1,500 ఉండాలి. వాడుతుండగా అంతకంటే తగ్గితే, అమెరికన్ సూచనల ప్రకారం, వారానికి మూడుసార్లు పరీక్ష. 1,000 కంటే దిగితే మందు ఆపడం. ఈ పరీక్షల నమోదుకు పెట్టిన నిర్బంధ వ్యవస్థను అమెరికా 2025లో ఎత్తేసింది. పరీక్షలు మాత్రం చేయించమనే చెబుతోంది.

ఇక వర్షాకాలం సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అలాంటి వరద రాకపోయినా ఏటా వానాకాలంలో డెంగీ ఉంటుంది. డెంగీ కూడా తెల్లకణాలను తగ్గిస్తుంది. క్లోజపిన్ రోగికి జ్వరం వచ్చి తెల్లకణాలు 2,500కు పడ్డాయంటే అది దోమదా, మందుదా అన్నది ఒక్క కాగితంతో తేలదు. జ్వరం చూసే డాక్టర్‌కు అసలు క్లోజపిన్ సంగతే తెలియకపోతే తేల్చడం ఇంకా కష్టం. ‘మెంటల్ మందులు వాడుతున్నాడు’ అని చెప్పడానికి సిగ్గుపడి సంచి అడుగున దాచే కుటుంబాలు తక్కువేమీ కాదు.

ఇంకో చిక్కు అంతకంటే కనపడనిది. క్లోజపిన్‌ను కాలేయంలో అరగదీసేది సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్. గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు పెరిగే ఐఎల్-6 ఆ ఎంజైమ్‌ను నెమ్మదింపజేస్తుంది. మాత్రలు అవే, మోతాదు అదే, రక్తంలో మందు మాత్రం రెట్టింపు దాకా పెరగవచ్చు. మామూలుగా మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటితే మందు పనిచేస్తుంది, 1,000 దాటితే ఫిట్స్ భయం. దీనికి పొగ తోడు. పొగాకు పొగ అదే ఎంజైమ్‌ను ఉరకలెత్తిస్తుంది. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చే మనిషి న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరితే అక్కడ సిగరెట్ ఉండదు, ఒంట్లో జ్వరం ఉంటుంది. రెండూ మందును ఒకే వైపుకు తోస్తాయి. నాలుగో రోజుకు మనిషి లేవలేనంత మత్తులో ఉండి, చొంగ కారుస్తూ, నడిస్తే తూలుతుంటే ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకుని మోతాదు పెంచడం ఉండకూడని పొరపాటు. తనంతట తాను మందు మొత్తం ఆపేయడమూ అంతే. మోతాదు ఎంత తగ్గించాలో, ఎన్నాళ్లో మానసిక వైద్యుడు చెప్పాలి.

ఈ రోగులకు ఇన్ఫెక్షన్ ఎంత ప్రమాదమో కోవిడ్ చూపించింది. న్యూయార్క్‌లో 7,348 మంది కోవిడ్ రోగులను చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు కోవిడ్‌తో చనిపోయే అవకాశం 2.67 రెట్లు, వయసు తర్వాత అదే పెద్ద ప్రమాదం. బెజవాడలో క్లోజపిన్ వాడే రోగికి జ్వరం వస్తే ఇంట్లోవాళ్లు ఓపీ కౌంటర్ దగ్గరే చెప్పాల్సిన విషయాలు నాలుగు: క్లోజపిన్ రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెలలో మొదలుపెట్టారు, జ్వరానికి ముందు చేసిన చివరి సీబీపీలో న్యూట్రోఫిల్స్ ఎన్ని, సిగరెట్లు ఎన్ని. మానసిక వైద్యుడు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులోనూ పలుకుతుంది.